అనాస కిరీటం: ఒక అలంకారం వెనుక చరిత్ర

వింబుల్డన్ పురుషుల సింగిల్స్ విజేతకు ఇచ్చే కప్పును కాస్త పరీక్షగా చూస్తే మూత మీద ఒక చిన్న అనాసపండు కనిపిస్తుంది. 1887 నుంచి ఇస్తున్న కప్పు అది. లండన్‌లోని సెయింట్ పాల్ కెథెడ్రల్ పడమటి బురుజుల కొనల మీద కూడా బంగారు పూత పూసిన అనాసలే ఉన్నాయి. అమెరికాలోని వర్జీనియాలో పాత దొరల భవనాల కప్పుల మీదా, గేటు స్తంభాల మీదా, మంచపు కోళ్ల మీదా అదే పండు. గత పది పదిహేనేళ్లుగా ఈ ఆకారానికి మళ్లీ గిరాకీ పెరిగింది. ఇత్తడి దీపాలు, దిండు గలీబులు, గోడకు అంటించే కాగితాలు, గాజు పాత్రలు, ఇలా గృహాలంకరణ వస్తువులు దొరికే చోటల్లా అనాస ఉంది. వస్తువుతోపాటు ఒక వివరణ కూడా ప్రచారమవుతోంది. అనాస ఆతిథ్యానికి గుర్తనీ, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే వచ్చినవారికి స్వాగతం పలికినట్టేననీ.

ఆ వివరణ పూర్తిగా తప్పు కాదు. అయితే అయిదు శతాబ్దాల్లో అనాస మోసిన అర్థాలలో అది అన్నిటికంటే చిన్నవయసుది. అంతకుముందు అది రాజుల పండు, తర్వాత తోటల శాస్త్రానికీ సంపదకూ పతాక, ఆ తర్వాత డబ్బాల్లోకెక్కిన పరిశ్రమ. ఈ దశలన్నిటిలోనూ పండును పెంచిన చేతులు ఒకరివి, దాన్ని చిహ్నంగా చేసుకున్న చేతులు మరొకరివి. అనాస అలంకారం చరిత్ర రాయడమంటే ఆ రెండు చేతుల మధ్య దూరాన్ని కొలవడమే.

రాజు పళ్లెంలోకి

1493 నవంబరులో కొలంబస్ తన రెండో యాత్రలో గ్వాడలూప్ దీవిలో దిగినప్పుడు ఐరోపావాసులు ఈ పండును మొదటిసారి చూశారు. వాళ్లకు కొత్తగానీ అక్కడివాళ్లకు అది తరతరాల పంట. దక్షిణ అమెరికా ఆదివాసులు అడవి అనాసల్లోంచి గింజ లేని, రసం నిండిన రకాలను ఏరుకున్నారు. పిలకలు నాటి పెంచారు. వాటిని పడవల్లో కరీబియన్ దీవులదాకా చేరవేశారు. ఐరోపా ఆశ్చర్యపోయిన ఆ తీపి వాళ్లు ఎంచి, పెంచి నిలిపినది. ఆ ఎంపిక చేసిన వారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

ఆ యాత్రలో ఉన్న మికేలె ద కూనియో 1495లో రాసిన ఉత్తరంలో పైన్ చెట్టు కాయను పోలిన ఈ పండును వర్ణించాడు. గొంజాలో ఫెర్నాండెజ్ దె ఒవియేదో 1535లో అచ్చయిన తన ఇండీస్ చరిత్రలో దాని బొమ్మ గీసి, రూపమూ వాసనా రుచీ వరసగా చెబుతూ మురిసిపోయాడు. స్పెయిన్ రాజు ఫెర్డినాండ్ దగ్గరికి చెడకుండా చేరిన ఒకే ఒక్క పండును ఆయన రుచి చూసి మిగిలిన పళ్లన్నిటికంటే మిన్న అన్నాడని ఆస్థాన చరిత్రకారుడు పీటర్ మార్టిర్ నమోదు చేశాడు. ఫెర్డినాండ్ మనవడు అయిదో చార్లెస్ మాత్రం తెచ్చిన అనాసను చూసి మెచ్చుకున్నాడే గాని నోట పెట్టలేదని జెస్యూట్ మతబోధకుడు హొసె దె అకోస్తా రాశాడు. తినకుండా చూసి ఆనందించే వస్తువుగా అనాస జీవితం ఆ చక్రవర్తి ముందే మొదలైందనుకోవచ్చు.

సముద్రప్రయాణం వారాల తరబడి సాగేది. పండు దారిలోనే కుళ్లిపోయేది. అందువల్ల ఐరోపాలో అనాస గురించి చదివినవాళ్లు వేలల్లో ఉంటే తిన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. తత్వవేత్త జాన్ లాక్ 1690 నాటి తన గ్రంథంలో, అనుభవం లేకుండా మాటలతోనే జ్ఞానం కలగదనడానికి అనాస రుచినే ఉదాహరణగా ఎంచుకున్నాడు. పాఠకులకు పేరు తెలిసి, రుచి తెలియని పండు ఆ రోజుల్లో అంతకంటే మంచిది దొరకదు.

కరీబియన్ ఆదివాసులు గుడిసె గుమ్మానికి అనాసను వేలాడదీసి అతిథిని ఆహ్వానించేవారనీ, దాన్ని చూసే స్పెయిన్ నావికులు ఈ ఆచారాన్ని నేర్చుకున్నారనీ నేడు తరచుగా చెబుతారు. పైన చెప్పిన తొలి వృత్తాంతాలు పండు ఆకారం, రుచి గురించి విస్తారంగా మాట్లాడతాయి. గుమ్మానికి కట్టిన స్వాగతం వాటిలో కనిపించదు. ఆ కథ తర్వాతి కాలం వెనక్కి పంపిన కథ.

పైన్ కాయా, అనాసా?

రాతిలో చెక్కిన ప్రతి పొలుసుల కాయా అనాస కాదు. వాటికన్ ప్రాంగణంలో ఉన్న పెద్ద కంచు కాయ రోమన్ కాలపు పైన్ కాయ. పునరుత్పత్తికీ అమరత్వానికీ గుర్తుగా పైన్ కాయను శిఖరాల మీద నిలపడం మధ్యధరా ప్రాంతంలో చాలా పాత అలవాటు. కాబట్టి 1493కు ముందు ఐరోపా శిల్పంలో అనాసను వెతకడం వృథా ప్రయాస. తర్వాతి కాలంలోనూ కిరీటంలా విచ్చుకున్న ఆకుల గుత్తి ఉంటేనే దాన్ని అనాస అనాలి.

అయితే ఆ పాత అలవాటే కొత్త పండుకు దారి వేసింది. గోపురం కొన మీదో స్తంభం తల మీదో గుండ్రంగా, పైకి సన్నబడుతూ, ముగింపు ఉన్న ఆకారం కావాలన్న కోరిక వాస్తుశిల్పిలో అప్పటికే ఉంది. అనాస ఆ స్థానంలో సులువుగా ఇమిడింది. పైగా దానికి తనదైన అందం ఉంది. ఒక అనాసపండు నిజానికి ఒకే కాడను అంటుకుని ఏకమైపోయిన వందకు పైగా పూల ఫలితం. ఒక్కో పూవు ఒక్కో కన్నుగా మిగులుతుంది. ఆ కళ్లు ఏటవాలు వరుసల్లో మెలికలు తిరుగుతాయి. లెక్కపెడితే ఒకవైపు 8, మరోవైపు 13 వరుసలు సాధారణంగా తేలతాయి. ఉలి పట్టినవాడికి, అచ్చు పోసేవాడికి, నేతగాడికి ఈ గళ్ల అల్లిక ఇట్టే పట్టుబడుతుంది. నాలుగు గీతలతో గీసినా పోల్చుకోగలిగే పండు అది. ఫ్యాషన్లు మారినా ఈ ఆకారం మళ్లీ మళ్లీ తిరిగి రావడానికి ఈ సౌలభ్యం ఒక ముఖ్య కారణం.

ఆగ్రా తోట, ఐరోపా చలి

ఇదే పండును పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలోనే భారతదేశానికి తెచ్చారు. ఇక్కడ దాని కథ వేరే దారి పట్టింది. పరంగి రేవుల్లో పండే ఈ సువాసనల పండు ఇప్పుడు ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేలకొద్దీ కాస్తోందని జహంగీరు తన ఆత్మకథలో సంతోషంగా రాసుకున్నాడు. ఐరోపాలో ఒక్క అనాసను పండించడానికి ఇంకా డెబ్బై ఏళ్లు పట్టబోతున్న కాలం అది. మన వాతావరణం దానికి పుట్టిల్లులా సరిపోయింది. కేరళలో వాళక్కుళం, ఈశాన్యాన త్రిపుర, మన ఉత్తరాంధ్రలో సింహాచలం కొండ, సీతంపేట ఏజెన్సీ దానికి పేరుపడ్డ నేలలయ్యాయి. సీతంపేట కొండల్లో సవర రైతులు పండించిన అనాస సంతకు తట్టల్లో దిగుతుంది. ఇక్కడ అది సింహాసనం ఎక్కలేదు, గోపురం ఎక్కలేదు. అందరికీ అందే పండు చిహ్నం కావలసిన అవసరం రాలేదు.

ఐరోపాలో ఆ అవసరాన్ని చలి సృష్టించింది. అక్కడ అనాస కాయాలంటే వేసవిని కట్టి, కాపాడి, రెండు మూడేళ్లు ఆరిపోకుండా నిలపాలి. నెదర్లాండ్స్‌లో వెఖ్త్ నది ఒడ్డున ఫైఫర్‌హోఫ్ అనే తోట ఉన్న ఆగ్నెస్ బ్లాక్ 1687 ప్రాంతంలో ఈ పని సాధించింది. ఐరోపాలో తొలిసారి అనాసను కాయించిన కీర్తి ఆమెదే. ఆ విజయానికి గుర్తుగా 1700లో ఆమె పేర వెలువడిన పతకం మీద అనాస ఉంది. ప్రకృతి నిరాకరించినదాన్ని నైపుణ్యమూ శ్రమా సాధిస్తాయన్న భావం దాని మీద లాటిన్‌లో చెక్కి ఉంది. అనాస చిహ్నానికి ఆ కాలం ఇచ్చిన అర్థాన్ని ఇంత సూటిగా చెప్పిన వస్తువు మరొకటి లేదు.

ఇంగ్లండు సంగతి ఇంకా ఆసక్తికరం. 1668 ఆగస్టులో రెండో చార్లెస్ రాజు ఫ్రెంచి రాయబారికి ఇచ్చిన విందులో బార్బడోస్ అనాసను కోయించి, తన పళ్లెంలోంచి ఒక ముక్కను డైరీ రచయిత జాన్ ఈవ్‌లిన్‌కు ఇచ్చాడు. పుస్తకాల్లో చదివిన వర్ణనలకు ఆ రుచి తూగలేదని ఈవ్‌లిన్ డైరీలో రాసుకున్నాడు. తిన్న పండు కంటే అది రాజు చేతి నుంచి అందడమే ముఖ్యమైన విషయం. కరీబియన్ దీవుల మీద ఇంగ్లండుకు పట్టు ఉందని ఫ్రాన్సు రాయబారికి మాటల్లో చెప్పనక్కర్లేకుండా చెప్పిన పండు అది. తర్వాత కొన్నేళ్లకు తోటమాలి మోకరిల్లి చార్లెస్‌కు అనాసను సమర్పిస్తున్న చిత్రాన్ని గీశారు. అది రాజకుటుంబపు సేకరణలో నేటికీ ఉంది.

ఇంగ్లండులో అనాసను నిలకడగా పండించే పద్ధతి రిచ్‌మండ్‌లో మాథ్యూ డెకర్ తోటలో స్థిరపడింది. డచ్చి మూలాలున్న ఈ వర్తకుడు ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. ఆయన తోటమాలి హెన్రీ టెలెండె తోళ్లు పదును చేశాక మిగిలిన ఓక్ బెరడు పిప్పిని గోతుల్లో నింపి, అందులో అనాస కుండీలను పాతేవాడు. గుర్రపు పెంట గబగబా వేడెక్కి త్వరగా చల్లారిపోతుంది. తడి బెరడు నెమ్మదిగా పులుస్తూ నెలల తరబడి ఒకే తీరు వెచ్చదనం ఇస్తుంది. అనాస వేళ్లకు కావలసింది సరిగ్గా ఆ నిలకడే. ఈ పద్ధతిని వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ బ్రాడ్లీ తన పుస్తకాల ద్వారా లోకానికి తెలియజేశాడు.

1720లో థియోడోరస్ నెట్షర్ ఆ తోటలోని అనాసను చిత్రించాడు. కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉన్న ఆ చిత్రానికి ఒక లాటిన్ శాసనం జోడించారు. రాజు విందుకు తగిన ఈ పండు డెకర్ ఖర్చుతో పెరిగిందనీ, నెట్షర్ కళ వల్ల ఇంకా పెరుగుతున్నట్టే ఉందనీ దాని సారాంశం. ఖర్చు పెట్టినవాడున్నాడు, చిత్రించినవాడున్నాడు. రాత్రింబవళ్లు గోతి వెచ్చదనాన్ని కాపాడిన టెలెండె పేరు అందులో లేదు. ఫ్రాన్సులోనూ పద్నాలుగేళ్లు తిరక్కుండానే పదిహేనో లూయీ వెర్సాయ్ తోటలో కాసిన అనాసను 1733లో చిత్రకారుడు ఊద్రీ చేత చిత్రింపజేశాడు.

రాయి, మట్టి, నాణెం

పద్దెనిమిదో శతాబ్దం మధ్యకల్లా అనాస తోటగోడ దాటి ఇంటి వస్తువుల్లోకి వచ్చింది. కుమ్మరి జొసయా వెడ్జ్‌వుడ్ 1759లో చక్కని ఆకుపచ్చ మెరుగును రూపొందించాక అనాస ఆకారపు టీ కెటిళ్లు, పాత్రలు స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి బట్టీల్లోంచి విరివిగా వెలువడ్డాయి. పండు కొనలేని మధ్యతరగతి దాని రూపాన్ని కొనుక్కుంది. చిహ్నం ఇలా వస్తువు నుంచి విడిపోయి సొంతంగా బతకడం మొదలుపెట్టింది.

ఈ మోజుకు పరాకాష్ఠ స్కాట్లాండ్‌లోని డన్‌మోర్ అనాస. నాలుగో ఎర్ల్ ఆఫ్ డన్‌మోర్ జాన్ మర్రే తోటలో వేసవి విడిదిగా కట్టిన ఈ మంటపం దక్షిణ ద్వారం మీద 1761 అని ఉంది. పైనున్న సుమారు 14 మీటర్ల రాతి అనాసను, ఆయన వర్జీనియా గవర్నరు పదవి నుంచి తిరిగి వచ్చాక చేర్చారని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. దీని పనితనం చూడవలసినది. బయటికి వంగిన ప్రతి రాతి ఆకు నుంచీ వాన నీరు విడిగా జారిపోయేలా మలిచారు. నీరు నిలిచి గడ్డకడితే రాయి పగులుతుంది కనుక. రెండు పక్కలా ఉన్న పూలకుండీల్లాంటి శిఖరాలు నిజానికి పొగగొట్టాలు. తోటగోడల లోపలి బోలు దారుల్లో వేడిగాలి తిరిగి చెట్లను వెచ్చగా ఉంచేది.

ఇదే డన్‌మోర్ 1775 నవంబరులో, బ్రిటన్ మీద తిరగబడిన అమెరికన్ వలసవాసుల దగ్గరున్న బానిసలు రాజు సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తామని ప్రకటించాడు. ఆయన దగ్గరే బానిసలున్నారు. అనాస చరిత్రను బానిసత్వ చరిత్ర నుంచి విడదీయలేమని గుర్తుచేసే వైరుధ్యం ఇది. అట్లాంటిక్ మీదుగా పండును నడిపించిన ఓడలూ, గాజుగదులు కట్టించిన డబ్బూ చాలావరకు చక్కెర తోటల లోకానివే.

ఆ సంబంధాన్ని దాచకుండా చూపించే వస్తువు ఒకటుంది. 1788లో బార్బడోస్‌లో చలామణీ అయిన రాగి పెన్నీకి ఒకవైపు అందంగా చెక్కిన అనాస. రెండోవైపు వేల్స్ యువరాజు ఈకల కిరీటం తలకెత్తుకున్న ఆఫ్రికన్ బానిస ముఖం. దాని కింద, నేను సేవిస్తాను అన్న యువరాజు నినాదం. యువరాజు నోట ఆ మాట హుందాతనం, బానిస ముఖం కింద అదే మాట బలవంతం. అనాస అలంకారం గురించి ఏ గ్రంథం చెప్పగలిగినదాని కంటే ఎక్కువ ఆ చిన్న నాణెం చెబుతుంది.

స్వాగతం ఎప్పుడు వచ్చింది

పంతొమ్మిదో శతాబ్దంలో ఆవిరి ఓడలు వచ్చాయి. బహామాస్ నుంచి, అజోర్స్ దీవుల గాజుతోటల నుంచి అనాసలు లండన్ బజారుకు కుప్పలుగా చేరాయి. శతాబ్దం మధ్యలో లండన్ వీధుల బతుకును గ్రంథస్థం చేసిన హెన్రీ మేహ్యూ, అనాసను ముక్కలుగా కోసి వీధుల్లో అమ్మేవారిని కూడా నమోదు చేశాడు. రాజు పళ్లెంలోంచి ముక్క అందుకున్న ఈవ్‌లిన్ కాలానికీ దీనికీ రెండు వందల ఏళ్ల దూరం కూడా లేదు. చలి మరీ ఎక్కువైన రష్యాలో మాత్రం అది ధనికుల విందుగానే మిగిలింది. మన అభ్యుదయ కవులు అభిమానించిన మయకోవ్‌స్కీ 1917లో ధనికవర్గాన్ని ఎత్తిచూపడానికి ఆ పండునే పట్టుకున్నాడు.

ధర పడిపోయిన పండుకు కొత్త అర్థం కావలసి వచ్చింది. అది అమెరికాలో దొరికింది. న్యూ ఇంగ్లండు ఓడ కెప్టెన్లు దూరప్రయాణం నుంచి రాగానే గేటు స్తంభానికి అనాసను గుచ్చి, తాము వచ్చామనీ ఇరుగుపొరుగు వచ్చి పలకరించవచ్చనీ తెలిపేవారన్నది అక్కడి ప్రసిద్ధమైన కథ. పద్దెనిమిదో శతాబ్దపు డైరీలూ లెక్కల పుస్తకాలూ దీనికి సాక్ష్యం ఇవ్వవు. వర్జీనియాలో షిర్లీ ప్లాంటేషన్ కప్పు మీద అనాస నిజంగానే ఉంది, విందు బల్ల మధ్యన అనాసను నిలిపిన సంపన్నులూ ఉన్నారు. అయితే వాళ్లు అతిథికి చూపించింది ప్రధానంగా తమ స్థాయిని.

పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికన్లలో వలసకాలపు ఇళ్ల మీద, సామాను మీద ఒక అభిమానం మొదలైంది. వలసలూ కర్మాగారాలూ దేశపు రూపును మార్చేస్తున్నప్పుడు, ఒక ప్రశాంతమైన, మర్యాదస్థుల గతం కావాలనిపించింది. 1926లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ధనసహాయంతో వర్జీనియాలోని వలసకాలపు విలియమ్స్‌బర్గ్ పట్టణ పునరుద్ధరణ మొదలైంది. 1930లలో అక్కడి క్రిస్మస్ అలంకరణల్లో తలుపు మీద ఆపిల్ పళ్ల వరుసల నడుమ అనాసను నిలపడం పేరుకెక్కింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఎవరూ తినే పళ్లను అలా తలుపుకు బిగించలేదని ఆ పునరుద్ధరణ సంస్థ పరిశోధకులే చెబుతారు. అయినా చూసినవాళ్ల మనసులో అది పూర్వాచారంగా స్థిరపడింది. అనాస అంటే స్వాగతం అన్న అర్థం దేశమంతా పాకింది ఈ కాలంలోనే.

హవాయి అధ్యాయం దీనికి సమాంతరంగా నడిచింది. 1893లో అమెరికన్ వ్యాపారుల ముఠా రాణి లిలియూఓకలానిని గద్దె దించింది, 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకుంది. రాణిని దించాక ఏర్పడిన ప్రభుత్వానికి అధ్యక్షుడైన శాన్‌ఫర్డ్ డోల్ బంధువు జేమ్స్ డోల్ 1901లో అనాస కంపెనీ పెట్టాడు. 1922లో లనాయి దీవిని ఇంచుమించు మొత్తంగా 11 లక్షల డాలర్లకు కొన్నాడు. పొలాల్లో, డబ్బా కర్మాగారాల్లో పనిచేసినవారు ఎక్కువగా జపాన్, ఫిలిప్పీన్స్, చైనాల నుంచి వచ్చిన కూలీలు. ప్రకటనల్లో కనిపించింది నవ్వులూ పూలమాలలూ ఉన్న ఆతిథ్యపు దీవి. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1939లో కంపెనీ ప్రకటనల కోసం అక్కడికి వెళ్లినప్పుడు, పొలాల దగ్గర కూలీల ఊళ్లో ఉంటానని అడిగింది. అది తగదని కంపెనీ ఒప్పుకోలేదు. ఆమె అనాసను గీయకుండానే తిరిగి వచ్చింది. కంపెనీ న్యూయార్క్‌కు విమానంలో మొక్కను పంపాకే ఆమె అనాస మొగ్గ చిత్రం వచ్చింది. 1951లో లనాయి కార్మికులు 201 రోజులు సమ్మె చేసి మెరుగైన వేతనాలు సాధించారు.

ఈనాటి గృహాలంకరణలో అనాస ఈ పొరలన్నిటినీ మోస్తూనే ఉంది. బంగారు రంగు ఇత్తడి అనాసలో పాత రాజసం ఉంది, కిరీటంలో హవాయి ప్రకటనల ఉల్లాసం ఉంది, అమ్మకపు చీటీలో విలియమ్స్‌బర్గ్ స్వాగతం ఉంది. మన గడపకు కట్టే మామిడి తోరణం ఊరి చెట్టు నుంచి వస్తుంది, పేదింటికీ పెద్దింటికీ ఒకటే. అనాస స్వాగతం మాత్రం చాలాకాలం కొద్దిమంది మాత్రమే పలకగలిగిన స్వాగతం. ఆతిథ్యమన్న మాటలో ఇంటివారూ అతిథీ కనిపిస్తారు. పండు పండించి, ఓడకెత్తి, కోసి వడ్డించిన మూడోవారు కనిపించరు. టెలెండె, బార్బడోస్ నాణెం మీది మనిషి, లనాయి కూలీ ఆ మూడోవారే.

ఇందుకని ఆ ఆకారాన్ని త్యజించనక్కర్లేదు. జమైకా అనుభవం ఇందుకు దారి చూపుతుంది. ఇంగ్లండు 1660లలో ఆ దీవికి ఇచ్చిన రాజచిహ్నంలో ఎర్రని సిలువ మీద అయిదు బంగారు అనాసలున్నాయి. వాటికి రెండువైపులా టైనో ఆదివాసి స్త్రీ పురుషులు. అప్పట్లో అది యజమాని తన సొత్తు మీద వేసుకున్న ముద్ర. 1962లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జమైకా ప్రజలు లాటిన్ నినాదాన్ని మార్చారు గానీ అనాసలను తీసెయ్యలేదు. ఐరోపావాసులకంటే ముందే ఆ పండును పెంచిన జాతి ఆ చిహ్నం పక్కనే నిలబడి ఉంది, దాన్ని మోసినవారి సంతతి ఇప్పుడు ఆ చిహ్నానికి యజమాని. అనాస అలంకారానికి న్యాయమైన అర్థం ఇంతవరకు ఎవరైనా ఇచ్చారంటే అది వాళ్లే. ఇంట్లో అనాస బొమ్మ పెట్టుకునేవారు దాని వెనుక ఉన్న ఈ మనుషులను కూడా తెలుసుకుని పెట్టుకోవాలి. అప్పుడు అది పలికే స్వాగతంలో వాళ్లకూ చోటుంటుంది.